మూడో గడి

క్లిఫర్డ్ ఓల్డ్‌రాయిడ్ దగ్గర పనికి చేరిన రోజు
నాకు పదిహేడేళ్లు, పానా ఎటు తిప్పాలో తెలీదు.
ఆయన పానా ఇవ్వలేదు.
పసుపు రంగు పనిచీటీల కట్ట ఇచ్చాడు.
మొదటి గడిలో చిరునామా,
రెండో గడిలో టైము,
మూడో గడిలో ఒకే ఒక్క క్రియ:
నీళ్లు ఏం చేస్తున్నాయి?

"లీకు" అని రాశాను.
కొట్టేశాడు.
"లీకంటే ఒంట్లో బాగోలేదన్నట్టు. ఏం బాగోలేదు?"

టాడ్‌మోర్డెన్‌లో ఇళ్లన్నీ కొండకి వెన్ను ఆనించుకుని నిలబడతాయి.
వాన ఏదో ఒక గోడలోంచి మాట్లాడుతూనే ఉంటుంది.
పుట్టినప్పటి నుంచీ మాట్లాడే భాషే,
ఆ తడిలో మోకాళ్ల మీద కూచుని మళ్లీ నేర్చుకున్నాను.

డ్రిప్ అంటే లెక్కపెట్టగలిగేది.
ఆ లెక్క తప్పిన చోట ట్రికిల్ మొదలు.
సీప్‌కి దారి కనబడదు, మరకే కనబడుతుంది.
ఊజ్ అయితే నీళ్లతో పాటు ఇంకేదో వస్తోంది,
చేతికి తొడుగు వేసుకో.
గష్ అంటే
రాయడం ఆపి పరుగెత్తు.

"మరి వీప్?"
"ఇత్తడి జాయింటు దగ్గర చెమ్మ. బొట్టు కట్టదు, జారదు.
తుడిస్తే పోతుంది,
టీ తాగి వచ్చేసరికి మళ్లీ ఉంటుంది."
ఏడుపు అనే మాటని అంత పొడిగా పలికిన మనిషిని
నేను మళ్లీ చూడలేదు.
"పావు చుట్టు బిగించు. అంతకు మించితే విరుగుతుంది."

సాయంత్రాలు వ్యానులో రేడియో.
ఎవరో పెద్దమనిషి అంటున్నాడు,
పైవాళ్ల సంపద కిందికి ట్రికిల్ అవుతుందని.
క్లిఫర్డ్ వ్యాను పక్కకి ఆపి మరీ నవ్వాడు:
"నలభై ఏళ్లుగా పై అంతస్తు నుంచి దిగేవాటినే చూస్తున్నా.
కిందవాళ్లకి దక్కింది సీలింగు మీద మరకే."
రహస్యం లీకైందట.
"ఏ గొట్టం? చూడకుండా ఎలా చెప్తారు?"
ఫించను నిధి డ్రెయిన్ అయిపోయిందట.
ఈసారి నవ్వలేదు.
"డ్రెయిన్‌కి రెండో కొస ఉంటుంది.
అది ఎవరింట్లో తేలిందో చెప్పరేం?"

డోరీన్ మాత్రం, ఆయన భార్య, అచ్చంగా గష్.
పక్కింటి పాప కొత్త బూట్లకీ,
కాలిపోయిన నా మొదటి కేకుకీ,
బస్సులో ఎదురు సీటు ముసలాయన మీసానికీ
ఆవిడ పొంగిపోయేది, పొర్లిపోయేది.
"మా ఆవిడకి కుళాయి కట్టడం రాదు,"
అనేవాడు, బిల్లు మడుస్తూ,
కాస్త గర్వంగానే.

ఆవిడ ఫిబ్రవరిలో పోయింది.
చాపెల్‌కి జనం ట్రికిల్‌గా వచ్చారని
ఎవరో అంటే నాలో నేను దిద్దుకున్నాను.
పదకొండు మంది. లెక్కపెట్టగలిగాను.
డ్రిప్.
అందరూ లేచి కీర్తన పాడుతున్నంతసేపూ
క్లిఫర్డ్ చూపు గోడవారన రేడియేటర్ వాల్వు మీద.
రెండో చరణంలో వంగి,
దాన్ని పావు చుట్టు బిగించాడు.

సోమవారం వాళ్లింటికి వెళ్లాను.
వంటగది బల్ల మీద పసుపు చీటీ.
చిరునామా ఆయనదే.
టైము, తెల్లవారుజాము మూడూ నలభై.
మూడో గడిలో
డ్రిప్ కొట్టేసి ఉంది, సీప్ కొట్టేసి ఉంది,
ఇంకేదో రాసి
కాగితం చిరిగేదాకా కొట్టేసి ఉంది.
సింకు కింద పడుకుని టార్చి వేసి చూశాను.
ప్రతి జాయింటుకీ పేపరు చుట్టి తీశాను.
ఎక్కడా తడి లేదు.

ఆయన కిటికీ దగ్గర కూచుని
కాల్డర్ నది వైపు చూస్తున్నాడు.
ఆ రోజు నది మామూలుగానే ఉంది,
దానికే క్రియా అక్కర్లేదు.

పానా సంచిలో పెట్టేసి టీ కాచాను.
చెయ్యి వణికిందో, నేనే వంచానో,
కప్పు దాటి, సాసరు దాటి,
చీటీ మీదికి.

చాలాసేపు చూశాడు.
"స్పిల్," అన్నాడు.
అవునన్నాను.
గుడ్డ కోసం ఇద్దరం లేవలేదు.